మూడు కోడ్లున్న ఒక్క చెరువు: ఆక్వా సంస్థ డేటాబేస్‌లో సెమాంటిక్ మోడలింగ్, ఒక కేస్ స్టడీ

నేపథ్యం

భీమవరం, ఆకివీడు, కాళ్ళ మండలాల నుంచి కొల్లేరు అంచున ఉన్న కైకలూరు వరకు రొయ్య, చేప రైతులకు మేత, మందులు అప్పు మీద ఇచ్చి, పట్టుబడి సమయంలో రొయ్యను తానే కొని, సొంత ప్రాసెసింగ్ ప్లాంటులో శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక మధ్యస్థాయి సంస్థకు మా బృందం చేసిన డేటాబేస్ పునర్నిర్మాణాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. అందులో ముఖ్యమైనది సెమాంటిక్ మోడలింగ్, అంటే నమోదు చేసే ప్రతి సంగతికీ అర్థమేమిటో ముందు తేల్చి, దాని ప్రకారం డేటాబేస్ నమూనా కట్టడం. సంస్థను, రైతులను, గ్రామాలను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసివేశాను. చెరువుల లెక్కల్లో కనిపించే అంకెలు విషయం తేలికగా అర్థం కావడానికి సరళం చేసినవి.

ఈ సంస్థ చేపల మేత వ్యాపారంతో మొదలైంది. బొచ్చె, శీలావతి పెంచే చెరువులో పంట ఇంచుమించు ఏడాది సాగుతుంది కాబట్టి, ఆ రోజుల్లో చెరువుకు ఒక పేజీ చొప్పున పెట్టిన చిట్టా పుస్తకం సరిపోయింది. రైతు పేరు, విస్తీర్ణం, ఇచ్చిన మేత, పట్టిన చేప, మిగిలిన బాకీ అన్నీ ఆ పేజీలోనే ఉండేవి. చెరువు, పంట, ఖాతా అనే మూడింటినీ విడదీయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. 2009లో దేశంలో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చిన తరువాత ఈ అమరిక కదిలిపోయింది. వనామీ మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది, ఏడాదిలో అదే చెరువులో రెండో పంట పడుతుంది, నడుమ వైట్‌స్పాట్ అనే వైరస్ రోగం తగిలితే ఉన్నదేదో పట్టేసి మళ్లీ సీడ్ (రొయ్య పిల్ల) వేస్తారు. చిట్టా కంప్యూటర్లోకి ఎక్కినప్పుడు మాత్రం దాని ఆకారం మారలేదు. సంస్థ డేటాబేస్‌లో కేంద్రంగా ఉన్న చెరువుల టేబుల్ ఆ పాత పేజీకి నకలు తప్ప మరొకటి కాదు.

సమస్య ఎలా బయటపడింది

విదేశీ కొనుగోలుదారు ఒకరు ఒక పెట్టె మీది లాట్ నంబరు (ప్లాంటులో కలిపి శుద్ధి చేసిన సరుకుకు ఇచ్చే గుర్తు) పంపి, అందులోని రొయ్య ఏ చెరువుది, ఆ చెరువుకు సీడ్ ఏ హేచరీ (పిల్లలను పుట్టించే కేంద్రం) నుంచి వచ్చింది, సాగులో ఏ మందులు వాడారు, పట్టుబడికి ముందు చేసిన యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలో ఏమి తేలింది అని అడిగారు. క్లోరాంఫెనికాల్ గాని, నైట్రోఫ్యూరాన్లు గాని జాడగా కనిపించినా ఐరోపా, అమెరికా మార్కెట్లు సరుకును తిప్పి పంపగలవు కాబట్టి ఇది మాటవరసకు అడిగిన ప్రశ్న కాదు. జవాబు వెతకగా ప్లాంటు రిజిస్టరులో ఒక చెరువు కోడ్, మేత విభాగంలో మరొక కోడ్, ఫీల్డ్ టెక్నీషియన్ పుస్తకంలో మూడో కోడ్ దొరికాయి. చివరికి టెక్నీషియన్ గట్టు మీదికి వెళ్లి చూసి, మూడూ ఒకే చెరువని తేల్చారు.

రెండో లక్షణం అంతకు ముందు నుంచే ఉన్నా ఎవరూ దానిని డేటాబేస్ సమస్యగా చూడలేదు. కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే ఎఫ్‌సీఆర్ నివేదికలో కొన్ని చెరువులకు 0.6, మరికొన్నింటికి 3కు చేరువగా వచ్చేది. పలుచగా సీడ్ వేసిన చెరువులో సహజాహారం వల్ల ఎఫ్‌సీఆర్ 1 దగ్గరికి దిగవచ్చు గాని, ఎకరాకు లక్షకు పైగా, అంటే చదరపు మీటరుకు సుమారు 25కు మించి సీడ్ వేసిన చెరువులో 0.6 రావడం నమ్మదగినది కాదు. నాలుగు టన్నుల రొయ్య పట్టిన చెరువుకు 25 కిలోల బస్తాలు 224 వేశారనుకుంటే ఎఫ్‌సీఆర్ 1.4 అవుతుంది. అదే రైతు పక్క చెరువు మేత కూడా దీని పేరునే పడితే 2.8 అవుతుంది, పక్క చెరువు మేత లేకుండానే పెరిగినట్టు కనిపిస్తుంది.

యాజమాన్యం దీనిని గుమాస్తాల అజాగ్రత్తగా భావించి, ఎంట్రీ తెరల మీద మరిన్ని తనిఖీలు పెట్టమని కోరింది. ఆ నిర్ధారణను వెంటనే అంగీకరించకపోవడానికి ఒక కారణం ఉంది. అజాగ్రత్త వల్ల వచ్చే తప్పులు చెల్లాచెదురుగా ఉంటాయి, ఇక్కడివి జంటలుగా ఉన్నాయి. అసంభవమైనంత తక్కువ ఎఫ్‌సీఆర్ ఉన్న ప్రతి చెరువుకూ, అదే రైతు పేరున అసంభవమైనంత ఎక్కువ ఉన్న చెరువు ఒకటి కనిపించింది. గుమాస్తాలు ఒకే పద్ధతిని నిలకడగా పాటిస్తున్నారన్న మాట. తాము చెప్పదలచిన విషయానికి డేటాబేస్‌లో చోటు లేనప్పుడు, ఉన్న చోట్లలో దగ్గరి దానిని ఎంచుకుంటున్నారు. అటువంటి చోట తనిఖీలు పెంచితే తప్పు మరింత నేర్పుగా దాక్కుంటుంది.

కోడ్‌ను సవరించే ప్రయత్నం

మేము రాకముందే సంస్థలోని సాఫ్ట్‌వేర్ బృందం ఒక పరిష్కారం చేసి ఉంది. జిల్లా, మండలం, గ్రామం, రైతు సంఖ్య, ఆ రైతు చెరువుల్లో వరుస సంఖ్య, ఇవన్నీ కలిపిన పొడవైన కోడ్‌ను ప్రతి చెరువుకూ ప్రైమరీ కీగా, అంటే టేబుల్‌లో ఆ వరుసను వేరుగా గుర్తించే విలువగా ఇచ్చారు. చూడగానే చెరువు ఎక్కడిదో తెలుస్తుందన్నది వారి వాదన, అందులో నిజం లేకపోలేదు. అయితే 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది, పాత పశ్చిమ గోదావరిలో కొంత ఏలూరుకు పోయింది, భీమవరం జిల్లా కేంద్రమయింది. చెరువు ఒక్క అంగుళం కదలకుండానే దాని కోడ్‌లోని మొదటి భాగం అబద్ధమైంది. కొందరు సిబ్బంది కొత్త పంటకు కొత్త జిల్లాతో కోడ్ ఇచ్చారు, కొందరు పాతదే కొనసాగించారు. లీజు మారిన చోట రైతు సంఖ్య కూడా మారి మూడో కోడ్ పుట్టింది.

కోడ్‌కు బదులు సర్వే నంబరును వాడదామన్న సూచన రెవెన్యూ కాగితాలు చూసే ఉద్యోగి నుంచి వచ్చింది. దానిని రెండు కారణాలతో పక్కన పెట్టాము. ఒక చెరువు మూడు నాలుగు సర్వే నంబర్ల మీద పరుచుకుని ఉండడం, ఒకే సర్వే నంబరులో రెండు చెరువులుండడం డెల్టాలో మామూలు. పైగా భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. ప్రభుత్వం తన అవసరం కోసం ఇచ్చే గుర్తు ప్రభుత్వ అవసరంతోనే మారుతుంది, దానిని మన కీగా చేసుకుంటే ఆ మార్పులన్నీ మన నెత్తిన పడతాయి.

డేటాను టేబుళ్లుగా చూసే రిలేషనల్ నమూనాను 1970లో ప్రతిపాదించిన ఎడ్గార్ కాడ్, 1979లో దానిని అర్థం వైపు విస్తరిస్తూ, ఏ సమాచారాన్నీ మోయని, ఎన్నడూ మారని సరోగేట్ (బదులు గుర్తు)తో ఎంటిటీని, అంటే డేటాబేస్ గుర్తుంచుకోవలసిన వస్తువును లేదా మనిషిని గుర్తించాలని చెప్పారు. ఆ ప్రకారం చెరువుకు ఒక నిరర్థక సంఖ్యను కీగా ఇచ్చి, పాత కోడ్లను, సర్వే నంబర్లను, రైతులు పిలిచే పేర్లను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లిన పేర్లుగా వేరే టేబుల్‌లో ఉంచాము. ఇది అవసరమే గాని చాలదు. సరోగేట్ ఇచ్చినంత మాత్రాన రెండు వరుసలు ఒకే చెరువువో కాదో తేలదు. తేల్చవలసింది ఏది మారినా చెరువు అదే చెరువుగా ఉంటుంది, ఏది మారితే వేరే చెరువు అవుతుంది అన్నది. ఆ ప్రశ్న జోలికి అంతవరకు ఎవరూ పోలేదు.

రిమార్కుల కాలమ్

పాత డేటాబేస్‌లో అన్నిటికన్నా విలువైన భాగం, ఏ నివేదికలోనూ రాని రిమార్కుల కాలమ్. నమూనాలో చోటు దొరకని నిజాలన్నీ మనుషులు అక్కడ రాసుకుంటారు. "నడిమి గట్టు తీసేశారు, రెండూ ఒకటే ఇప్పుడు", "బిల్లు బాబాయి ఖాతాలో", "సగం సీడ్ చచ్చింది, మళ్లీ కలిపారు", "పేమెంట్ బావమరిదికి", "చేపలో రొయ్య" వంటివి వందల కొద్దీ ఉన్నాయి. వీటిని వర్గాలుగా విడదీస్తే చెరువు విడిపోవడం లేదా కలవడం, పంట నడుమ మార్పు, ఖాతాదారు వేరు సాగుదారు వేరు కావడం, మేత ఒకచోట దించి మరొకచోట వాడడం అనే నాలుగు కుప్పలు తేలాయి. కొత్త వ్యవస్థ అడిగే సంస్థ ఏదైనా సరే, అవసరాల పత్రం రాయించే ముందు రిమార్కులు చదవడం నాకు అలవాటు. అవసరాల పత్రంలో జనం తాము చేయాలనుకునేది రాస్తారు, రిమార్కుల్లో చేస్తున్నది రాస్తారు.

బొమ్మ గీసి చూపితే

ఈ నాలుగు కుప్పల ఆధారంగా ఎంటిటీలను పెట్టెలుగా, వాటి సంబంధాలను గీతలుగా చూపే ఎంటిటీ-రిలేషన్‌షిప్ చిత్రం గీసి విభాగాధిపతుల సమావేశంలో చూపించాము. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఈ పద్ధతి రూపకర్తల మధ్య మాటలకు ఎంతో అనువైనది. సమావేశంలో మాత్రం అందరూ తలూపారు. చెరువు అనే పెట్టెకు, రైతు అనే పెట్టెకు మధ్య గీత ఉందంటే కాదనేవారెవరు? గీత చివర ఒకటి, అనేకం అని రాసిన గుర్తుల మీద ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పని సమీక్షను అంగీకారంగా తీసుకోలేదు. ఆ చిత్రం ఎవరి అనుభవాన్నీ తాకలేదని దాని అర్థం. రోజూ చీటీలు రాసే స్టోర్ కీపరుకూ, టెక్నీషియనుకూ ఆ సమావేశంలో కుర్చీ కూడా లేదు.

చీటీల నుంచి వాక్యాలు

చివరికి ఫలించిన పద్ధతి ఇంతకన్నా పాతకాలపు పనిలా కనిపిస్తుంది. 1970లలో ఐరోపాలో పరిశోధకుడు నైసెన్ బృందం మొదలుపెట్టి, తరువాత టెరీ హాల్పిన్ ఆబ్జెక్ట్-రోల్ మోడలింగ్ పేరుతో పటిష్ఠం చేసిన సంప్రదాయంలో, మోడలింగ్ పెట్టెలతో కాక వాక్యాలతో మొదలవుతుంది. నిజంగా నింపిన కాగితాలు తీసుకుని, వాటిలోని ప్రతి సంగతినీ అది ఏ ఒక్క నిజాన్ని చెబుతోందో ఆ పూర్తి వాక్యంగా చదివి, ఆ పని చేసేవారిని సరేనా అని అడగాలి. తరువాత దానికి ఉన్న హద్దును పరీక్షించాలి. అంటే అదే వాక్యానికి కావాలని ఎదురు ఉదాహరణ కల్పించి, ఇలా జరగడానికి వీలుందా అని అడగాలి.

మేత గోదాము చీటీని "ఫలానా రైతు 7వ నంబరు చెరువుకు 40 బస్తాల మేత తీసుకున్నారు" అని చదివినప్పుడు స్టోర్ కీపరు అక్కడే ఆపారు. "చెరువుకని తీసుకోరండి. షెడ్డులో దించుకుంటారు. షెడ్డు మూడు చెరువులకీ ఒకటే. దేనికెంత వేశారో చెక్‌ట్రేలు చూసే కుర్రాడి చీటీలో ఉంటుంది." చెక్‌ట్రే అంటే రొయ్య మేత తింటోందో లేదో చూడడానికి చెరువులో దించే పళ్లెం. ఎఫ్‌సీఆర్ జంటల రహస్యం ఈ నాలుగు ముక్కల్లో ఉంది. బస్తాలు అప్పుగా ఇవ్వడం ఒక నిజం, నీళ్లలో మేత చల్లడం మరొక నిజం. మొదటిది ఖాతాకు, షెడ్డుకు చెందుతుంది. రెండోది చెరువుకు, రోజుకు చెందుతుంది. పాత టేబుల్ రెండింటినీ ఒకే వరుసలో ఇరికించి, చెరువు కోడ్ తప్పనిసరి అన్నది కాబట్టి గుమాస్తా ఆ రైతు చెరువుల్లో మొదటి దానిని ఎంచుకునేవాడు.

"ఒక చెరువులో ఒక సమయంలో ఒకే పంట ఉంటుంది" అన్న వాక్యాన్ని భీమవరం వైపు టెక్నీషియన్లు ఒప్పుకున్నారు. కొల్లేరు వైపు పనిచేసే ఆయన నవ్వి, "మా దగ్గర బొచ్చె, శీలావతి ఉండగానే రొయ్య పిల్ల వేస్తారండి. రొయ్య రెండుసార్లు పట్టినా చేప అలాగే ఉంటుంది" అన్నారు. ఈ ఒక్క మాట లేకుంటే, ఒక చెరువుకు రెండు పంటల తేదీలు అతివ్యాపించకూడదన్న నిబంధన డేటాబేస్‌లో చేరేది, కైకలూరు గుమాస్తాలు దానిని తప్పించుకోవడానికి చేపకు ఒకటి, రొయ్యకు ఒకటిగా రెండు కల్పిత చెరువులు సృష్టించేవారు.

కొనుగోలు విభాగంతో "ఈ పట్టుబడికి 50 కౌంట్" అని చదివితే మరో చిక్కు విడిపడింది. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, ధర దాని మీదే కడతారు. గట్టు మీద తీసిన కౌంట్ ఒకటి, ప్లాంటులో తీసిన కౌంట్ ఒకటి, బేరంలో ఇద్దరూ ఒప్పుకుని రేటు కట్టిన కౌంట్ ఒకటి. పాత టేబుల్‌లో ఒకే కాలమ్ ఉన్నందున ఎవరు చివరగా రాస్తే వారి సంఖ్య నిలిచేది, ముందుది చెరిగిపోయేది. కౌంట్‌ను పట్టుబడి లక్షణంగా కాక, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తూచారో చెప్పే పరిశీలనగా నమోదు చేయాలన్న నిర్ణయం ఇక్కడే జరిగింది. రేటు కట్టిన కౌంట్ పరిశీలన కాదు, ఒప్పందం. కాబట్టి అది కొనుగోలు వైపు వెళ్లింది. తరువాత రైతులతో తగాదా వచ్చినప్పుడల్లా ఈ విభజన ఉపయోగపడుతోందని కొనుగోలు విభాగం చెబుతోంది, అయితే అది మేము ఉద్దేశించిన ప్రయోజనం కాదు.

గుర్తింపు గురించిన నిర్ణయాలు

చెరువు విషయంలో అందరికన్నా స్పష్టంగా మాట్లాడింది టెక్నీషియన్లు. వారికి చెరువు అంటే ఒక గట్టు లోపలి నేల, నీరు, వాటి రోగ చరిత్ర. లీజుదారు మారినా, జిల్లా మారినా, తిరిగి కొలిచినప్పుడు విస్తీర్ణం పది సెంట్లు తగ్గినా చెరువు అదే. విస్తీర్ణం తేదీతో కూడిన కొలత మాత్రమే. నడుమ గట్టు వేసి రెండు చేస్తే ఏమనాలి అన్నచోట రెండు దారులున్నాయి. పాత గుర్తింపును ఒక ముక్కకు ఉంచి రెండోదానికి కొత్తది ఇవ్వడం మొదటిది, దీనిలో శ్రమ తక్కువ. పాతదాన్ని ముగించి రెండు ముక్కలకూ కొత్త గుర్తింపు ఇచ్చి, అవి దేని నుంచి పుట్టాయో రాయడం రెండోది. మొదటి దారిలో వైట్‌స్పాట్ చరిత్ర ఒక ముక్కకే అంటుకుని, రెండో ముక్క ఏ మచ్చా లేని కొత్త చెరువులా కనిపిస్తుంది. రెండో దారినే ఎంచుకున్నాము. గట్టు తీసేసి కలిపిన చోట కూడా ఇదే నియమం.

నమూనాకు అసలు కేంద్రం చెరువు కాదు, పంట. సీడ్ వేయడంతో మొదలై, పూర్తి పట్టుబడితో గాని, పంట పోయిందని ఒప్పుకుని నీళ్లు తీసేయడంతో గాని ముగిసేది పంట. చనిపోయిన పిల్లకు బదులుగా నీళ్లు తీయకుండా మళ్లీ సీడ్ కలిపితే అది కొత్త పంట కాదు, అదే పంటలో రెండో సీడ్ వేయడం. కాబట్టి ఒక పంటకు రెండు హేచరీలు ఉండవచ్చు, ట్రేసబిలిటీ (సరుకు మూలాన్ని వెనక్కి వెతకడం) జవాబులో రెండూ చూపాలి. ముందు 100 కౌంట్ దగ్గర కొంత పట్టి, మిగిలినది 50 కౌంట్ దాకా పెంచితే ఒకే పంటకు రెండు పట్టుబడులు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 9.0 వెర్షన్ నుంచి ఉన్న ఎక్స్‌క్లూజన్ నిబంధనను (ఒకదానితో ఒకటి పొసగని వరుసలను చేరనివ్వనిది), 2012లో 9.2తో వచ్చిన రేంజ్ టైపులతో (ఫలానా నుంచి ఫలానా వరకు అన్న కాలాన్ని ఒకే విలువగా ఉంచేవి) కలిపి వాడి, ఒకే చెరువులో ఒకే జాతికి రెండు పంటల కాలాలు కలవకూడదని పెట్టాము. జాతి వేరైతే కలవవచ్చు.

చేప, రొయ్య కలిపి పెంచే చెరువులో చల్లిన మేత ఎవరి ఖర్చు అన్నది ఎక్కువసేపు చర్చించిన అంశం. తవుడు చేపకు, గుళికల మేత రొయ్యకు అని పంచవచ్చు గాని, చేప గుళికలను వదిలిపెడుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. అందువల్ల ఫలానా రోజు ఫలానా చెరువులో ఫలానా మేత ఇంత చల్లారన్నది మాత్రమే నమోదు చేసిన నిజంగా ఉంచి, పంటల మధ్య పంపకాన్ని లెక్కగట్టిన ఫలితంగా, ఏ సూత్రంతో పంచారో దానితో సహా వేరుగా ఉంచాము. చూసినదీ ఊహించినదీ ఒకే కాలమ్‌లో కలిస్తే, రేపు సూత్రం మార్చినప్పుడు ఏది మార్చవచ్చో ఏది మార్చకూడదో తెలియదు.

మనుషుల విషయానికొస్తే, పాత టేబుల్‌లో రైతు రకం అనే కాలమ్ ఉండి, అందులో సొంతదారు, లీజుదారు, ఏజెంటు అనే మూడు విలువలుండేవి. ఒకే మనిషి తన రెండెకరాలకు సొంతదారు, పక్క ఐదెకరాలకు లీజుదారు, బావమరిది పంటకు పావలా వాటాదారు కావడం ఇక్కడ సాధారణం. 1977లో జాన్ స్మిత్, డయాన్ స్మిత్ వివరించిన సాధారణీకరణ (పలు రకాలను ఒక సామాన్య రకం కింద చేర్చడం) ప్రకారం వీటిని మనిషికి ఉపరకాలుగా చేయవచ్చు అని బృందంలో ఒకరు వాదించారు. అయితే ఉపరకం ఆ వస్తువు స్వభావాన్ని చెప్పాలి, ఇవి పంట పంటకూ మారే పాత్రలు. కాబట్టి మనిషి ఒక ఎంటిటీ, ఫలానా పంటలో అతని పాత్ర మరొక ఎంటిటీ అయ్యాయి. వాటాలను దశాంశాల్లో రాస్తే ముగ్గురు అన్నదమ్ముల 33.33 మూడుసార్లు కలిపినా 100 కాదు, అణాల్లో రాస్తే పదహారు మూడుకు భాగం పోదు. అందుకని లవం, హారం విడిగా ఉంచి, పంటకు మొత్తం ఒకటి కావాలన్న నిబంధన పెట్టాము.

ఖాతా వేరు. పంట పోయినా బాకీ పోదు, తరువాతి పంటలోకి వస్తుంది, ఒక్కోసారి మరో చెరువు మీదికీ వస్తుంది. బాకీని పంటకు కట్టిన పాత నమూనాలో, పోయిన పంటలను ముగించకుండా తెరిచి ఉంచడానికి కారణం ఇదే. అప్పుల విభాగం మొదట చెరువు ప్రకారమే పరిమితి కావాలని పట్టుబట్టింది. ఖాతాకు ఏయే పంటలు హామీగా ఉన్నాయో చూపగలమని తెలిసిన తరువాత ఆ పట్టు సడలింది.

పట్టుబడి నుంచి లాట్‌కు వెళ్లే చోట ఉన్న చిక్కు చిన్నదే. ఒక లారీలో రెండు మూడు చెరువుల రొయ్య ఐసులో వస్తుంది, ఒక పెద్ద పట్టుబడి రెండు లారీల్లో వెళుతుంది. సంబంధానికి కూడా తన లక్షణాలుంటాయన్న చెన్ మాట ఇక్కడ సరిగ్గా పనికొచ్చింది. పట్టుబడికి, లాట్‌కు మధ్య సంబంధం మీదే కిలోలు రాశాము.

పాత వరుసల తరలింపు

మూడు కోడ్ల చెరువుల్ని ఒకటిగా కలపడానికి ప్రోగ్రాం రాద్దామన్న ప్రతిపాదనను తిరస్కరించాము. పేర్లు పోల్చి కలపడం డెల్టాలో ప్రమాదకరం. తాత పేరు మనవళ్లందరికీ ఉన్న ఇళ్లలో ఇంటిపేరు, పేరు, ఊరు ముగ్గురికి ఒకటే అవుతాయి. ఫోన్ నంబరు కుటుంబానికంతటికీ ఒకటే ఉంటుంది. రెండు వరుసల్ని తప్పుగా కలిపితే వాటి మేత, పరీక్షలు, పట్టుబడులు పెనవేసుకుపోయి విడదీయడం దాదాపు అసాధ్యమవుతుంది, కలపకుండా వదిలేస్తే వచ్చే నష్టం తాత్కాలికం. అందువల్ల ఈ రెండు కోడ్లూ ఒకే చెరువు కావచ్చు అన్న అనుమానాన్నే ఒక టేబుల్‌గా చేసి, టెక్నీషియన్ గట్టు మీద నిలబడి స్థాననిర్దేశం నమోదు చేసి ధ్రువీకరించే వరకు రెండింటినీ విడిగానే ఉంచాము. టెక్నీషియన్లు వెళ్లి చూసిన చెరువులకే ధ్రువీకరణ జరిగింది. పంట ముగిసి సంస్థతో లావాదేవీ లేని పాత చెరువులు చాలావరకు అనుమానం స్థితిలోనే ఉన్నాయి, అలా ఉండడం వల్ల నష్టమూ లేదు.

ప్రస్తుత స్థితి

లాట్ నంబరు ఇస్తే పట్టుబడులు, పంటలు, సీడ్, హేచరీలు, మందులు, పరీక్షలు, ఆ చెరువు దేని నుంచి విడిపోయిందో ఆ వంశక్రమం ఇప్పుడు ఒకే ప్రశ్నతో వస్తున్నాయి. ఎఫ్‌సీఆర్ జంటలు కనిపించడం లేదు. ఎంట్రీ పని మాత్రం పెరిగింది. గుమాస్తా ఇంతకు ముందు ఒక చీటీ రాసే చోట ఇప్పుడు మేత దింపిన చీటీ, మేత చల్లిన చీటీ రెండూ ఎక్కించాలి. ఈ భారం మరీ పెరగకుండా ఉండడానికి మేము పాటించిన నియమం, కాగితం మీద అప్పటికే ఉన్న విషయాన్ని తప్ప కొత్త విషయాన్ని తెర అడగకూడదన్నది. చెక్‌ట్రే చీటీలు ముందు నుంచీ రాస్తున్నారు, వాటిని షెడ్డు గోడకు వేలాడదీసి సీజన్ చివర పారేసేవారు.

తేలకుండా ఉన్నది ఏజెంట్ల ద్వారా వచ్చే సరుకు. సంస్థ మేత వాడని రైతుల రొయ్యను ఏజెంట్లు సేకరించి తెస్తారు, అది ఏ చెరువులదో చాలాసార్లు వారూ చెప్పరు. పాత వ్యవస్థలో ఈ సరుకంతా 999 అనే చెరువు పేరున పడేది, ఆ కల్పిత చెరువు దిగుబడి కాగితం మీద డెల్టాలో అన్ని చెరువులనూ మించిపోయింది. ఈ కోడ్‌ను తీసేసి ఖాళీ విలువను అనుమతిస్తే సరిపోతుందని సాఫ్ట్‌వేర్ బృందం అన్నది. ఖాళీ ఉంటే ఇంకా రాయలేదో, రాయడం మరిచారో, తెలియదని తెలిసే వదిలారో వేరు చేయలేము. కాబట్టి లాట్‌లో మూలం తెలియని భాగాన్ని, ఏజెంటు పాత్రతో, కిలోలతో సహా, తనకంటూ ఒక నిజంగా నమోదు చేసే ఏర్పాటు చేశాము. దాని వల్ల ఎగుమతుల మేనేజరు, మూలం పూర్తిగా తెలిసిన లాట్లను విడదీసి, మూలం అడిగే కొనుగోలుదారులకు వాటినే కేటాయించగలుగుతున్నారు. ఏజెంటు నుంచి చెరువుల వారీ చీటీ తప్పనిసరి చేస్తే ఆ సరుకు పోటీ ప్లాంట్లకు మళ్లుతుందన్న భయం కొనుగోలు విభాగానికి ఉంది, ఆ నిర్ణయాన్ని యాజమాన్యం వచ్చే సీజన్‌కు వాయిదా వేసింది.